తొమ్మిదో గుంతలో ఇసుక

ఢాం!

నోరీన్ నేలకి కరుచుకుపోతుంది. తూటా రవ్వలు తల మీదుగా పోయి వెనకున్న పొడుగు గడ్డిని చీల్చేస్తాయి.

బతికే ఉంది...

లే! పరుగెత్తు!

తెల్లవారి ఐదున్నర. పొగమంచు. పది గజాల అవతల ఏమీ కనబడదు. అయినా ఆ మనిషి సూటిగా తన వెనకే వస్తున్నాడు. ఎలా?

కిందికి చూసుకుంటుంది.

గడ్డి మీద మంచు! తను పరుగెత్తిన దారంతా నల్లటి చార! పద్దెనిమిదేళ్ళుగా గోల్ఫ్ మైదానాల్లో గడ్డి కోస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియొద్దూ? ఛ! బుద్ధి గడ్డి తిన్నట్టుంది.

"నోరీన్!" వెనక టిరెల్ గొంతు. మైదానం యజమాని. "ఆ కడియం ఇటిచ్చెయ్. ఇంటికెళ్ళి టీ తాగి పడుకో. అంతా మర్చిపోదాం!"

కడియం జేబులోనే ఉంది. టిరెల్ పెళ్ళాం అర్సులాది. నాలుగేళ్ళ కిందట స్పెయిన్ వెళ్ళిపోయిందని ఊరంతా అనుకున్న మనిషి.

ఎక్కడి స్పెయిన్!

ఆరో హోల్ పక్కన ఇసుక గుంతలో ఉంది. ఇందాక తమ్ముడు ఫింటన్ నీళ్ళు పోవడానికి అడుగు తవ్వుతుంటే పారకి తగిలింది... ఎముక. ఎముకకి కడియం.

ఇందుకా ఈ మహానుభావుడు సముద్రానికి యాభై మైళ్ళ దూరంలో, ఆవులు మేసే నేలలో, వేల లారీల ఇసుక పోయించింది! పాతకాలపు ఐరిష్ మైదానంలా సముద్రపు దిబ్బలు కావాలన్నాడు. ఊరంతా పగలబడి నవ్వింది. తనూ నవ్వింది.

తలెత్తేసరికి గట్టు మీద టిరెల్. చేతిలో జంట గొట్టాల తుపాకి. మొదటి దెబ్బ ఫింటన్ తొడకి!

"నెత్తురాగడానికి బెల్టు నేనే కట్టుకుంటా, నువ్వు పో అక్కా! ఇద్దరం చస్తే ఆదివారం హర్లింగ్ మ్యాచ్‌లో గోల్ ఎవడు కాస్తాడే?"

అంత నెత్తురులోనూ వాడికి మ్యాచ్ గొడవే! కడియం లాక్కుని టిరెల్‌కి కనబడేలా ఆడించింది. "ఇది కావాలా? రా!"

వచ్చాడు. తమ్ముణ్ణి వదిలి తన వెంట పడ్డాడు. అంతే కావాలి.

పరుగులోనే పోలీస్‌కి ఫోన్ కొట్టింది.

"మా దగ్గర తుపాకులుండవు కదమ్మా," అన్నాడు సార్జెంట్. "తుపాకులున్న టీమ్ రావాలంటే అరగంట. నువ్వెక్కడన్నా దాక్కో."

"అరగంటకి నా తమ్ముడుండడు!"

ఇప్పుడు ఎదురుగా తొమ్మిదో హోల్ దిబ్బ. దాని అవతల మనిషి లోతు గుంత. దగ్గరికొచ్చేదాకా కనబడదు, పాతకాలం పద్ధతి మరి. నోరీన్ అంచు మీద పక్కవాటుగా నాలుగడుగులు వేసి పొడుగు గడ్డిలోకి దూకుతుంది.

బోర్లా పడుకుంటుంది.

టక్! తుపాకిలో కొత్త తూటాలు పడ్డాయి. ఆ వెంటే బూట్ల చప్పుడు. నల్ల చారనే చూసుకుంటూ, తల వంచుకుని, వేగంగా...

దబ్!

బూతులు. సొంత గుంతలో సొంతదారు!

గుంతలోంచి పైకెక్కడానికి పెనుగులాట. ఎక్కేశాడు.

"నువ్వలాగే దాక్కో నోరీన్!" గొంతు దూరమవుతోంది. "నేను మీ తమ్ముణ్ణి పలకరించొస్తా!"

నోరీన్ లేచి గుంత పక్కగా పరుగెడుతూ, అలవాటు కొద్దీ లోపలికి చూస్తుంది. రోజూ తను చదును చేసే ఇసుక.

ఆగిపోతుంది.

బూటు గుర్తులు. వాటి పక్కన ఒకదానికొకటి ఆనుకుని రెండు గుండ్రాలు. లోతుగా. మూడు చోట్ల.

గోల్ఫ్ ఆడేవాళ్ళందరూ అంతే. గుంత ఎక్కేటప్పుడు ఆట కర్రని తిరగేసి ఊతం పెట్టుకుంటారు. లావు కొస అరచేతిలో, సన్న కొస ఇసుకలో. రోజూ కనబడేది ఒక్క గుండ్రం. ఇవాళ రెండు.

ముప్ఫై ఏళ్ళ అలవాటు... తుపాకినీ తిరగేశాడు! గొట్టాలు కిందికి! తడి ఇసుకలోకి!

గొట్టాల్లో ఇసుక బిగుసుకుని ఉంటే ఆ దెబ్బ తగిలేది కాల్చినవాడికే.

రాలిపోయి ఉంటే?

ఆలోచించే టైమ్ లేదు. అక్కడ ఫింటన్ ఒంటరిగా ఉన్నాడు.

"టిరెల్!"

కడియం పైకెత్తి పరుగెడుతుంది. పొగమంచులో ఆ వీపు ఆగుతుంది. తిరుగుతుంది. పది గజాలు. జంట గొట్టాలు గుండెకి సూటిగా.

వాటిలో ఇసుక ఉందో లేదో కనబడి చావడం లేదు!

"కాల్చకు," అంటుంది. నిజంగానే అంటుంది. "నీ మంచికే చెప్తున్నా. దించెయ్."

టిరెల్ నవ్వుతాడు. "అర్సులా కూడా ఇదే మాటంది."

వేలు బిగుస్తుంది.

నోరీన్ కళ్ళు మూసుకోదు.

ఢాం!!

మైదానమంతా అదిరిపోతుంది. కాకులు గోలగోలగా లేస్తాయి. నోరీన్ ఒళ్ళంతా తడుముకుంటుంది. నెత్తురు లేదు...

ఎదురుగా టిరెల్ మోకాళ్ళ మీద ఉన్నాడు. తుపాకి గొట్టం అరటి తొక్కలా విచ్చుకుని గడ్డిలో పడి ఉంది. తన చేతుల్ని తనే చూసుకుంటున్నాడు. ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు.

"నువ్వు తెప్పించిన ఇసుకే," అంటుంది నోరీన్.

ఆరో హోల్ వైపు నుంచి ఒక గొంతు. సన్నగా, వణుకుతూ...

"అక్కా! ఎవరు పోయారే?"

"నేను కాదు రా!" ఏడుస్తూనే పరుగెడుతుంది. "బెల్టు వదలకు! వస్తున్నా!"