బారువ దాకా రెండు రోజులు

"గురువారం నేను పలాస రాను రత్నం. ఇంక నా వల్ల కాదు."

సోమవారం సాయంత్రం డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చి, మంచం మీద వాలుతూ ధనుంజయ అన్న మాట అది. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు మూలపేట నుంచి పలాసకు మొగుణ్ణి తిప్పుతోంది అతని ఇల్లాలు నూకరత్నం. ఆ సూదులు మానేస్తే మనిషి ఎన్నాళ్లుంటాడో ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు... ఏడిస్తే వినే రకం కాదు. అందుకే కళ్లు తుడుచుకుని, పోనీ నీకేం కావాలో చెప్పమంది. చేపల వేటకెళ్లిన రోజుల్లో ఒడ్డు వెంబడి ఊళ్లన్నీ పడవలోంచి చూశాడట గానీ, నేల మీద తిరిగి చూడలేదట. తొందర లేకుండా, ఆగుతూ ఆగుతూ, బారువలో ఉన్న తన అక్క, అప్ప అని పిలుచుకునే మనిషి, ఇంటిదాకా ఒక్కసారి వెళ్లాలట. అంతేనా! రత్నం వెంటనే తమ్ముడు జోగారావుకు ఫోన్ చేసింది.

జోగారావుది చేపలు తోలే వ్యాను. దాన్ని కడిగి, వెనకాల పరుపు వేసి, గ్యాస్ పొయ్యి పెట్టి, పాత చీర తెరగా కట్టి, కారవాన్ అని పేరు పెట్టి మరీ తెచ్చాడు. ఎంత కడిగినా నీచు వాసన పోలేదనుకోండి! రోగిష్టి మొగుణ్ణి వెంటేసుకుని షికార్లేమిటని వాడలో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. రత్నం వినిపించుకుంటే గదా! గురువారం తెల్లారేసరికి ఆ వ్యాను పలాసలో ఉండాలి. అందులో ధనుంజయ ఉండాలి. అదే ఆమె పట్టు.

మంగళవారం పొద్దున్నే బయల్దేరి భావనపాడులో ఆగారు, మంచినీళ్లపేటలో ఆగారు, అతను ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగారు. జీడితోట నీడలో రత్నం ఉప్పు తగ్గించి వండింది, తాగే నీళ్లు గ్లాసుతో కొలిచి ఇచ్చింది. పడవలోంచి గుర్తు పెట్టుకున్న జంట తాడిచెట్లు ఒడ్డు మీద ఎంతకీ కనబడక, అరగంట వెతికి, చివరికి వాటి కిందే నిలబడి ఉన్నామని తెలిసి ధనుంజయ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయింది! అయినా గురువారం మాట ఎత్తితే మాత్రం మొహం తిప్పేసుకునేవాడు. గంట ఆగి ఆమె మళ్లీ ఎత్తేది.

బుధవారం మధ్యాహ్నం బారువ చేరారు. అప్ప అమ్ములు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేసింది. ఎండన పడి వచ్చాడని పెరట్లోకి పరుగెత్తి, కొబ్బరిబొండం కొట్టి తెచ్చి చేతిలో పెట్టింది. అతను నోటిదాకా ఎత్తాడో లేదో, రత్నం చటుక్కున లాగేసుకుంది!

అమ్ముల మొహం మాడిపోయింది. "నా ఇంట్లో, నా తమ్ముడి నోటికాడిది లాక్కుంతావేటే?"

"ఈ రోగానికి కొబ్బరినీళ్లు విషం వదినా. గుండె ఆగిపోద్ది. ఆ సంగతి ఆయనకి తెల్సు. తెల్సే తాగబోయాడు."

ధనుంజయ తల దించుకున్నాడు. అమ్ములు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. పాపం, ప్రేమతో చేసిన పని ఎంత పనయ్యేది... కాసేపటికి తేరుకుని, తప్పయిపోయిందమ్మా, నువ్వైనా తాగమని రత్నాన్ని బతిమాలింది. రత్నం వద్దంది. ఎంత చెప్పినా వద్దే వద్దంది.

అప్పుడు జోగారావు ఆగలేకపోయాడు. "మా రత్నం అప్ప రెండేళ్లయి బొండం ముట్టుకోలేదు బావా. మా ఇంటికొచ్చినా అంతే. నీకు లేంది తనకొద్దంటాది."

ధనుంజయ భార్య వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. సూదుల నొప్పి తనది, దాహం తనది, ఈ బతుకు బరువంతా తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ! లేచి వచ్చి ఆమె చేతిలో బొండాన్ని ఆమె నోటి దగ్గరకు తోశాడు.

"తాగు రత్నం."

"రేపు పలాస వత్తానని చెప్పు. తాగుతాను."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వత్తాను. రేపే కాదు... నువ్వు తిప్పినన్నాళ్లూ వత్తాను."

రత్నం బొండం ఎత్తి, కళ్లనీళ్లు చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోకుండా, చివరి బొట్టుదాకా తాగింది.