తుమ్మచెక్క రంగు

శనివారం పొద్దున్నే ప్రార్థన ముగించుకుని విజయమ్మ పెరట్లోకి వెళ్లింది. నిన్న సాయంత్రం బ్లీచింగ్ పౌడరు కలిపి నానేసిన ముతక బట్టను బకెట్టులోంచి పైకి తీసి చూసింది. గోధుమ రంగంతా దిగిపోయి పాలిపోయినట్టుంది. దాంతోపాటే తన గుండెల్లో బరువు కూడా కొంత దిగినట్టనిపించింది.

ఆ బట్ట కోడలు కరుణశ్రీ తయారుచేసింది. కరుణశ్రీకి తెనాలిలో బ్యాంకు ఉద్యోగం. రోజూ రేపల్లెలో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, తకిలి తిప్పుతూ నూలు వడుకుతుంది. ఇంటికొస్తే ఊలు అల్లుతుంది. పాతకాలంలో మనుషులు ఏం కట్టుకునేవారో ముసలివాళ్లను అడిగి తెలుసుకుని, అచ్చం అలాంటివే కుట్టడమంటే ఆమెకు ప్రాణం.

"మన రేపల్లెకి చలి వచ్చేసరికి ఈస్టరు పండగొస్తుంది. ఈ స్వెట్టర్లన్నీ ఎవరికమ్మా?" అని మామగారు ఏసుపాదం ఏడిపిస్తే, "మీకే మామయ్యా. ఇవి తొడిగితేనన్నా మీరు ఏసీ కొంటారని" అనేది.

ఆ మాటలకు విజయమ్మ కూడా నవ్వేది. కానీ ఇప్పుడు నవ్వు రావడం లేదు. రేపు సంఘానికి నూరేళ్ల పండగ. ఇక్కడ మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలా తయారై, వాళ్ల మనవలూ మనవరాళ్లే చర్చిలో నడవాలని పాస్టరుగారు నిర్ణయించారు. బట్టల పని కరుణశ్రీకి అప్పగించారు. ఆ మొదటివాళ్లలో విజయమ్మ అమ్మమ్మ వరమ్మ కూడా ఉంది. కరుణశ్రీ తను వడికిన నూలును బాపట్ల దగ్గర మగ్గం వాళ్లను బతిమాలి నేయించి, తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టి రంగు పట్టించింది. మోకాళ్ల దాకా వచ్చే ఆ బట్టను అపురూపంగా అత్తగారి చేతిలో పెట్టి, "ఇది మీకు, అత్తయ్యా" అంది.

విజయమ్మ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గంజి పెట్టిన చీర లేనిదే గడప దాటి ఎరగదు. ఈ బట్ట సంగతి తెలిసిన ప్రమీలారాణి చర్చి స్త్రీల సమాజంలో అందరి ముందూ, "టీచరుగారిది రేపు కూలిదాని వేషమంట కదా! కొడవలి కూడా తెస్తున్నారా?" అని నవ్వింది. ఆ నవ్వు విజయమ్మ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. కట్టక తప్పకపోతే తెల్లగానైనా చేసి కట్టుకుందామనుకుంది. దేవుడి సన్నిధికి తెలుపే కదా తగినది, అందులో తప్పేముంది?

"అత్తయ్యా! అదేంటి?"

కాఫీ గ్లాసుతో వచ్చిన కరుణశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మురికి వదలగొడుతున్నా."

"మురికి కాదండీ, రంగు అది!" కరుణశ్రీ పరుగున వచ్చి బట్ట అంచు పట్టుకుని లాగింది. రాత్రంతా మందునీళ్లలో నాని చీకిపోయిన బట్ట పర్రున చిరిగింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఒక్క మాట అడగొచ్చు కదా అత్తయ్యా!"

"నువ్వు నన్నడిగావా? ఊరందరి ముందూ మా అమ్మమ్మని కూలిదాన్ని చేసి నిలబెడతానని నాతో ఒక్క మాటన్నా అన్నావా?"

"ఆవిడ కూలే కదండీ చేసింది."

వరండాలో ఏసుపాదం పేపరు దించాడు. మొహం కడుక్కుంటున్న కొడుకు మనోహర్ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, "కరుణా, ఇక ఊరుకో" అన్నాడు.

"చేసింది! నాకు తెలీదనుకున్నావా?" విజయమ్మ కోడలి వైపు తిరిగింది. "ఆ మాట ఎవరి నోటా రాకూడదనే మా అమ్మ నన్ను పస్తులుండి చదివించింది. పట్టుచీర కట్టుకోనిస్తే వస్తాను. లేకపోతే రేపు నా కోసం చూడకండి."

కరుణశ్రీ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయినా మాట ఆపలేదు. "మీరు పట్టుచీరలో నడిస్తే నడిచింది వరమ్మగారెలా అవుతారండీ? దేవుడు ఆవిణ్ని పట్టుచీర చూసి పిలిచాడా?"

విజయమ్మ చేతిలోని కొస వదిలేసింది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

బైబిలు తెరిచింది గానీ అక్షరాలు కనబడలేదు. అమ్మ మాటలు గుర్తొస్తున్నాయి. ఎప్పుడో చిన్నప్పుడు, జడ వేస్తూ చెవిలో చెప్పిన మాటలు. 'ఎవరితోనూ అనకే' అని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇన్నాళ్లూ ఎవరి కోసం మోసింది? వరమ్మ కోసమా, తన గంజి చీర కోసమా?

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కరుణశ్రీ పెరటి గట్టు మీద కూర్చుని చిరిగిన చోట పోగులు సరిచేస్తోంది. విజయమ్మ వెళ్లి పక్కనే కూర్చుంది.

"మా అమ్మమ్మకి ఉన్నది ఒకే బట్ట, కరుణా. సగం కట్టుకుని, రెండో సగం కాలవలో తడిపి ఆరబెట్టుకునేదంట. ఆరిన సగం చుట్టుకుని మిగతా సగం ఉతుక్కునేది."

కరుణశ్రీ చేతిలో సూది ఆగింది.

"బాప్తిస్మం రోజున మిషను దొరసానమ్మ తెల్లచీర తెచ్చి ఇచ్చిందంట. అమ్మమ్మ పుచ్చుకోలేదు. 'ఈ బట్టలో ఏడిస్తేనే గదమ్మా ఆయన విన్నాడు. తెల్లచీర కడితే నన్ను గుర్తుపడతాడా?' అందంట." విజయమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆవిడ వద్దన్న తెల్లచీరనే నేనివాళ ఆవిడకి బలవంతంగా కట్టబోయాను, కరుణా."

కరుణశ్రీ సూది పక్కన పెట్టింది. అత్తగారి భుజం మీద తల ఆనించింది. కాసేపటికి విజయమ్మే కళ్లు తుడుచుకుని లేచింది.

"తుమ్మచెక్క ఇంకా ఉందా?"

"ఉందండి."

"ఏమండీ, పెరట్లో పొయ్యి వెలిగించండి. పెద్ద డేగిసా దింపరా మనోహర్."

"పండగ రేపు కదే, బిరియానీ ఇవాళే వండుతున్నావా?" అన్నాడు ఏసుపాదం. కరుణశ్రీ ఏడుస్తూనే నవ్వేసింది.

ఆదివారం సాయంత్రం చర్చి గుమ్మం దగ్గర విజయమ్మ ఆ బట్టలోనే నిలబడింది. రంగు రెండోసారి సరిగ్గా పట్టక అక్కడక్కడ మచ్చలు తేలాయి. చిరిగిన చోట లావు దారంతో వేసిన అతుకు సరిగ్గా భుజం మీదికి వచ్చింది. లోపల ముందు వరసలోనే ప్రమీలారాణి కూర్చుని ఉంది.

కరుణశ్రీ అత్తగారి పమిట సర్దుతూ, "అతుకు కనబడకుండా లోపలికి మడవనా అత్తయ్యా?" అని అడిగింది.

"వద్దు తల్లీ. పైకే ఉండనీ. గుర్తుపట్టాలి కదా" అని విజయమ్మ లోపలికి అడుగు వేసింది.