మూసల గదిలో చెయ్యి

ఆ స్టూడియోలో చీకటి పడ్డాక మూసల గది వైపు ఎవరూ వెళ్లరు. పగలు వెళ్లాల్సి వచ్చినా ఇద్దరు కలిసి వెళ్తారు. ఒకడు లోపలికి వెళ్తే రెండోవాడు గుమ్మంలో నిలబడి, అవసరం ఉన్నా లేకపోయినా గట్టిగా మాట్లాడుతూ ఉంటాడు. షూటింగులు జరిగే మూడో ఫ్లోరు వెనకాల, పాత సెట్ల చెక్కలు పేర్చిన సందు దాటాక తుప్పు పట్టిన ఇనప తలుపు. లోపల గోడల పొడుగునా అరలు, అరల నిండా ముఖాలు. కళ్లు మూసుకున్న ప్లాస్టర్ ముఖాలు, వాటి మీద చర్మం ఊడి పళ్లు బయటపడ్డ జాంబీ ముఖాలు.

భయం ఆ ముఖాలంటే కాదట. వాటిని తగిలించుకున్న మనుషులతో కలిసి టీ తాగినవాళ్లే అందరూ. భయం చెయ్యి అంటే... చీకట్లో ఆ గదిలోకి వెళ్తే ఎవరో చెయ్యి పట్టుకుంటారట.

మొదట తగిలింది కరెంటు పనివాడికి. బల్బు మార్చడానికి వెళ్లి, నిచ్చెన అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఏమైందంటే, "ఏమీ చెయ్యలేదు. పట్టుకుంది... ఒక్కసారి మెల్లగా నొక్కింది... అంతే" అన్నాడట. లాగలేదు, గీరలేదు, మెల్లగా నొక్కిందంతే. దానికే మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు. నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. బల్బు ఇంకా మారలేదు.

నాకు ఇదంతా చెప్పింది అదే స్టూడియోలో ఎడిటింగ్ చేసే మా బావ. మామూలుగా గోరంతది కొండంత చేసే మనిషే. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అతనికి చెప్పింది ఆ గదిలోకి వెళ్లొచ్చిన మనిషే.

ఆ మనిషిని అందరూ మౌసు అంటారు. సినిమాలకి కంప్యూటర్ మీద బొమ్మలు చేస్తాడు. నలుగురు మనుషుల్ని నాలుగొందల జాంబీలు చెయ్యమన్నా చేసి చూపిస్తాడు. ఆ పేరు పెట్టింది జిగురు మాస్టారు. కుంచె వదిలి మౌసు పట్టుకున్నాడని, కోపంతో కాదు, ముద్దుగానే పెట్టాడు.

జిగురు మాస్టారంటే జాంబీల్ని చేత్తో చేసేవాడు. రబ్బరు, మైనం, రంగు, జిగురు... ఆయన వేళ్ల చివర్లు ఎప్పుడూ ఎండిన జిగురుతో చెక్కు కట్టి ఉండేవి. అన్నం తినేటప్పుడు కూడా ఊడేది కాదట. పదకొండేళ్ల కిందట మౌసు ఆయన దగ్గరే పనికి చేరాడు. చేరిన రోజే మాస్టారు కుర్చీలో కూర్చోబెట్టి, "ముందు నీ మొహం ఇవ్వు. తర్వాత పక్కవాళ్ల మొహం ముట్టుకుందువుగాని" అన్నాడు.

ముఖం మూస తియ్యడమంటే తేలిక కాదు. చల్లటి ముద్ద ముఖమంతా పూసి, పైన తడి ప్లాస్టర్ గుడ్డలు పరిచి, ముక్కు రంధ్రాలు మాత్రం వదిలేస్తారు. ఇరవై నిమిషాలు కళ్లు కనపడవు, చెవులు వినపడవు, నోరు కదలకూడదు. అందుకని ఆ ఇరవై నిమిషాలూ మాస్టారు కుర్చీలో ఉన్నవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. మధ్యమధ్యలో ఒక్కసారి నొక్కుతాడు—బాగున్నావా అని. తిరిగి ఒక్కసారి నొక్కితే బాగున్నానని. రెండుసార్లు నొక్కితే, ఊపిరాడట్లేదు, తీసెయ్యమని.

మౌసు ఏడో నిమిషంలోనే రెండుసార్లు నొక్కాడు. మాస్టారు మారు మాట లేకుండా మొత్తం లాగేశాడు. మూస పాడైపోయింది, సరుకంతా దండగ. "అడిగావు కదా, తీశాను. సిగ్గెందుకు?" అన్నాడు. మూతి దగ్గర చీలిపోయిన ఆ ముఖాన్ని పారెయ్యకుండా అరలో పెట్టుకున్నాడు.

అలాంటి మనిషికి మౌసు చేసిన పని ఇది.

మూడేళ్లు కుంచె పట్టి, తర్వాత కంప్యూటర్ వైపు వెళ్లాడు. అందులో తప్పేం లేదు, మాస్టారూ తప్పు పట్టలేదు. ఎప్పుడు కలిసినా ఇద్దరికీ వాదనే. "నీ జాంబీ వెలుతురులో నిలబడడురా. వెలుతురు వాణ్ని తాకదు" అనేవాడు మాస్టారు. "మీ జాంబీలు నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని, పెదాలు ఊడతాయని గొట్టంతో టీ తాగుతున్నారు మాస్టారూ. నావాళ్లకి ఆ బాధ లేదు" అనేవాడు మౌసు. హీరోయిన్ మాత్రం, తర్వాత కంప్యూటర్‌లో వచ్చే జాంబీకి బదులు కర్రకి కట్టిన ఆకుపచ్చ బంతిని చూసి భయపడమంటే నవ్వొస్తోందని మాస్టారి పక్షమే వహించేది.

మొన్నటి సినిమాకి ఇద్దరూ కలిసి పనిచేశారు. మాస్టారు నలభై మూడు జాంబీ ముఖాలు చేశాడు. ఒకదానితో ఒకటి పోలిక లేదు. ఒకడి చెంప ఎండకి పగిలింది, ఒకామె దవడ నీళ్లలో నానింది. చచ్చినవాడు ఎలా చచ్చాడో ముఖం చూసి చెప్పొచ్చు. ఒకరోజు మౌసు స్కాన్ చేసే యంత్రం పట్టుకుని మూసల గదికి వెళ్లాడు. "పగిలిపోతే మళ్లీ చేసుకోడానికి పనికొస్తాయి, జాగ్రత్త కోసం" అన్నాడు. మాస్టారు దీపం పట్టుకుని, ఒక్కో ముఖాన్నీ తనే తిప్పి చూపించాడు. నలభై మూడూ కంప్యూటర్‌లోకి వెళ్లాయి.

వారం తిరక్కుండా మీటింగ్ పెట్టారు. మాస్టారు ఎదురుగానే ఉన్నాడు. నిర్మాత మౌసుని అడిగాడు—"ఇకమీదట ఈయన లేకుండా చెయ్యొచ్చా?"

మౌసు ఒక్క మాటన్నాడు. "చెయ్యొచ్చు."

అబద్ధమేం కాదు. ఆ ఒక్క మాటతో మాస్టారి ముప్ఫై ఏళ్ల పని అయిపోయింది. ఆయన గొడవ పెట్టుకోలేదు. కుంచెలు కడుక్కుని ఇంటికి వెళ్లాడు. నాలుగు నెలలకి గుండె ఆగిపోయింది. మౌసు పలకరించడానికి కూడా వెళ్లలేదు. మొహం చెల్లలేదు.

సినిమా పూర్తయింది. పేర్ల పట్టీలో 'జాంబీల రూపకల్పన' అని ఉన్నచోట మౌసు పేరు పడింది. అడిగి వేయించుకున్నది కాదు, వద్దని అన్నదీ కాదు. ఇక ఒక్క రాత్రే మిగిలింది, తెల్లారి పది గంటలకి ఆ పట్టీ ఖాయమైపోతుంది. ఆ తర్వాత మార్చడం కుదరదు. మార్చమంటే ఎందుకని అడుగుతారు. అడిగితే, జాగ్రత్త కోసమని చెప్పి ముఖాలు ఎత్తుకొచ్చిన సంగతి బయటపడుతుంది. దొంగ అన్న పేరొస్తే పెళ్లాం పిల్లల ముందు ఎలా నిలబడాలి? వారం రోజులుగా నిద్ర లేదు, అన్నం సయించట్లేదు. అయినా నోరు పెగల్లేదు.

ఆ రాత్రే దర్శకుడు ఫోన్ చేశాడు. దవడ నానిన జాంబీ చెవి వెనకాల, దగ్గర నుంచి చూస్తే, ఖాళీగా కనిపిస్తోందట. స్కాన్ అక్కడ పడలేదు. తెల్లారేసరికి సరిచెయ్యాలి. చెయ్యాలంటే అసలు ముఖం చూడాలి. అది మూసల గదిలో ఉంది. పొద్దున్నే గది ఖాళీ చేసి ముఖాలన్నీ లారీకి ఎత్తేస్తారట.

వాచ్‌మన్ కోసం చూస్తే కుర్చీలో లేడు. ఇక చేసేదేం లేక మౌసు ఒక్కడే సందు దాటి వెళ్లాడు...

ఇనప తలుపుకి తాళం లేదు. తోస్తే తెరుచుకుంది.

లోపల అదే వాసన—రబ్బరు, తడి ప్లాస్టర్, జిగురు. ఫోన్ లైటు వేస్తే అరల్లో ముఖాలన్నీ ఒక్కసారి ఇటు తిరిగినట్టయింది. "నేనే కదా స్కాన్ చేసింది... మీరంతా నాకు తెలిసినవాళ్లే" అని పైకే అనుకున్నాడు. తన గొంతు తనకే నచ్చలేదు.

దవడ నానిన ముఖం చివరి అరలో దొరికింది. దాన్ని రెండు చేతులా ఎత్తాలి కాబట్టి ఫోన్ అర అంచున నిలబెట్టాడు. ముఖం తిప్పాడు. చెవి వెనకాల, ఎవరూ చూడని చోట, మాస్టారు చిన్న మచ్చ పెట్టాడు. సన్నటి కుంచెతో, ఓపిగ్గా పెట్టిన పుట్టుమచ్చ. కెమెరాకి ఎప్పటికీ కనపడదు. అయినా పెట్టాడు.

మౌసు ఒక అడుగు వెనక్కి వేశాడు. మోచెయ్యి అరకి తగిలింది. ఫోన్ జారి, కింద ఉన్న ప్లాస్టర్ పిండి డ్రమ్ములో పడింది. లైటు పిండిలో మునిగిపోయింది...

చీకటి.

ముఖాన్ని తడుముకుంటూ అరలో పెట్టాడు. డ్రమ్ము కోసం కుడిచెయ్యి చాపాడు.

ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు.

పట్టుకున్న చెయ్యి పొడిగా ఉంది. వేళ్ల చివర్లు గరుకుగా, చెక్కు కట్టినట్టు ఉన్నాయి. లాగలేదు. కాసేపు ఊరికే పట్టుకుంది. తర్వాత... ఒక్కసారి మెల్లగా నొక్కింది.

బాగున్నావా?

అంతే, మౌసుకి భయం పోయింది. భయం స్థానంలో వచ్చిందే ఇంకా భరించలేనిది. పదకొండేళ్ల కిందట నొక్కినట్టే రెండుసార్లు నొక్కాడు. ఊపిరాడట్లేదని.

"మాస్టారూ..." అన్నాడు గుసగుసగా. "జాగ్రత్త కోసం కాదు. అప్పటికే నిర్మాత నాతో చెప్పాడు, ముఖాలు తెచ్చేస్తే మీతో పని లేదని. తెలిసే వచ్చాను. తెలిసే మీ చేత దీపం పట్టించాను. మీరు ఎదురుగా ఉండగా చెయ్యొచ్చని అన్నాను. మీ పొట్ట కొట్టాను. మీ పనికి నా పేరు పడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను..."

ఇంకేమేం అన్నాడో తనకే గుర్తు లేదట. అంతా అయ్యాక ఆ చెయ్యి వదిలింది.

మోకాళ్ల మీద కూలబడి, డ్రమ్ములో చెయ్యి పెట్టి ఫోన్ బయటికి లాగాడు. పిండి రాలింది, లైటు బయటపడింది... ఎదురుగా మాస్టారి ముఖం! తెల్లగా, కళ్లు మూసుకుని ఉంది.

ఒక్క క్షణం ప్రాణం పోయినంత పనైంది. తర్వాత ఆ ముఖానికి అటూ ఇటూ వేళ్లు కనిపించాయి. ఆ పైన ఒక ఆడమనిషి కళ్లు కనిపించాయి. తలుపు పక్కన, లోపలికి వచ్చేటప్పుడు రెక్క చాటు చేసిన చోట, మాస్టారి స్టూలు మీద, మాస్టారి భార్య కూర్చుని ఉంది. ప్లాస్టర్‌తో పోసిన భర్త ముఖాన్ని గుండెలకి హత్తుకుని ఉంది.

"అమ్మా... మీరా?"

"పొద్దున్న పారేస్తారన్నారు బాబూ. ఈ ఒక్కటీ తీసుకెళ్లడానికి వచ్చాను. నువ్వొచ్చేటప్పటికి వాచ్‌మన్ నాకోసం ఆటో పిలవడానికి వెళ్లాడు."

"చీకట్లో ఎలా వెతికారమ్మా?"

"ఆయన ముఖానికి లైటెందుకు? తడిమితే తెలిసింది."

మౌసు ఫోన్ లైటు నేల వైపు దించాడు. "అంతా విన్నారా?"

"విన్నాను. నువ్వు పిలిచింది ఆయన్ని. మధ్యలో నేనెందుకు పలుకుతానని ఊరుకున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని మౌసు మా బావతో అన్నాడట. "ఆయనకి తెలుసు బాబూ."

"ఏం తెలుసు?"

"ముఖాలు ఎందుకు తీసుకెళ్తున్నావో ఆయనకి తెలుసు. ఆ రాత్రి ఇంటికొచ్చి చెప్పారు. ఒక్కో ముఖం తిప్పినప్పుడల్లా కాసేపు ఆగానన్నారు. ఇప్పుడు చెప్తాడేమో, ఇప్పుడు చెప్తాడేమో అని. నలభై మూడుసార్లు ఆగానన్నారు."

మౌసుకి ఆయన అలా ఆగిన క్షణాలన్నీ గుర్తొచ్చాయి. ముసలాడు నెమ్మదించాడు, పని తెమలట్లేదు అని అప్పుడు లోపల విసుక్కున్నాడు కూడా.

"నన్ను క్షమించండమ్మా."

"క్షమించానని నేనెలా అనగలను? ఆగింది ఆయన, నేను కాదు కదా."

మౌసు ఫోన్‌కి అంటిన పిండి చొక్కాకి తుడుచుకున్నాడు. పేర్ల పట్టీ చూసేవాడికి, దర్శకుడికి, ఇద్దరికీ కలిపి రాయడం మొదలుపెట్టాడు. జాంబీల రూపకల్పన నాది కాదు, నా పేరు తీసెయ్యండి, ఎందుకో పొద్దున్నే వచ్చి అందరి ముందు చెప్తాను, అక్కడ రావలసిన పేరు...

వేళ్లు ఆగిపోయాయి. పదకొండేళ్లుగా ఆయన తనకి మాస్టారు, స్టూడియోకి జిగురు మాస్టారు.

"అమ్మా... మాస్టారి అసలు పేరేంటి?"

ఆవిడ చాలాసేపు అతని వైపే చూసింది. తర్వాత పేరు చెప్పింది. నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి రెండోసారి కూడా చెప్పింది. మౌసు రాసి పంపేశాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, కానీ వారం తర్వాత మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్లింది.

బయట ఆటో హారన్ వినిపించింది. ఆవిడ లేవబోయింది. ప్లాస్టర్ ముఖం బరువుగా ఉంది. మౌసు సాయం పట్టడానికి దగ్గరికి వెళ్లాడు. అప్పుడు చూశాడు ఆవిడ వేళ్లని. మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు, "ఇందాక మీరు చెయ్యి పట్టుకోకపోతే, నేను ఈ మాటలు జన్మలో అనేవాణ్ని కాదు."

ఆవిడ స్టూలు దగ్గరే ఆగింది. మౌసు ఇందాక నిలబడిన చివరి అర వైపు చూసింది. గదికి ఈ చివర నుంచి ఆ చివరకి పది అడుగులుంటుంది.

"నేనెక్కడ పట్టుకున్నాను బాబూ?" అంది. "నువ్వొచ్చినప్పటి నుంచి నా రెండు చేతులూ ఈయన ముఖం మీదే ఉన్నాయి."