అల్వాల్ దాటిన బండి

పెళ్లిచూపుల్లోనే నేను నిద్రపోయాను. హైదరాబాదు నుంచి రైళ్లు మారి, ఎర్రగుంట్లలో బస్సెక్కి ప్రొద్దుటూరు చేరేసరికి ఒళ్లు హూనమైంది. చౌడేశ్వరి బొరుగుల పళ్లెంతో వచ్చేసరికి గురక పెడుతున్నానట. "పాపం, శానా అలిసినట్టుండాడు. లేపొద్దండి" అందట. ఆ ఒక్క మాటకే ఆమెను చేసుకున్నాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు గుమాస్తాలం మేమూ ఫైళ్లతోపాటు వచ్చిపడ్డాం. పట్నంలో ఇళ్లు దొరక్క చాలామందిమి ఆవల అల్వాల్‌లో చేరాం. పొద్దున ఎనిమిది బండికి మగవాళ్లంతా వెళ్లిపోతారు. చీకటి పడ్డాక వచ్చి, తిని, పడుకుంటారు. పక్కింటాయన పేరేమిటని చౌడేశ్వరి అడిగితే, రెవెన్యూలో పనిచేస్తాడని చెప్పాను. అంతకు మించి నాకూ తెలియదు.

మూడు నెలలు ఓర్చుకుంది. ఆదివారం కూడా నేను మధ్యాహ్నం దాకా లేవకపోయేసరికి వాళ్ల నాయనకు జాబు రాసింది. శుక్రవారం వచ్చి తీసుకుపోతానని ఆయన బదులు రాశాడు. పోతే మళ్లీ రాదని నాకు తెలుసు. పోవద్దని చెప్పాలనుకుంటూనే నిద్రపోయాను.

గురువారం సాయంత్రం కాచిగూడలో బండెక్కి కిటికీకి తల ఆనించాను. ఎవరో పక్కన కూర్చుని మోచేత్తో పొడిచారు. చూస్తే చౌడేశ్వరి. మధ్యాహ్నం బండికి ఒక్కతే వచ్చి, రెండు గంటలుగా స్టేషన్లో కాచుకుందట.

"ఏందే, ఈడికొచ్చినావు?"

"నువ్వు మేలుకోనుండేది యాడో చూసి పోదామని."

పెట్టె అంతా కలయజూసింది. పేకాడేవాళ్లు, వేరుశనక్కాయలు ఒలిచేవాళ్లు, పిల్లల చదువుల గురించి వాదించుకునేవాళ్లు. మధ్యలో మా రెవెన్యూ ఆయన గలగలా నవ్వుతున్నాడు.

"ఊరంతా ఈడనే ఉండాది గదా మామా. నేను ఉత్త ఇండ్లకు కావిలుంటాండా" అంది.

నాకు సిగ్గేసింది. పోవద్దన్నాను. నువ్వు లేకపోతే ఆ ఊళ్లో దిగి ఏం చేయాలన్నాను. కాసేపటికి ఆమె తల నా భుజం మీద వాలింది. ప్రయాణం తలుచుకొని రెండు రాత్రులుగా కన్ను మూయని మనిషి, నిద్రపోతోంది.

అల్వాల్ వచ్చింది. రెవెన్యూ ఆయన దిగుతూ ఆమెను లేపమని సైగ చేశాడు.

"లేపొద్దప్పా" అన్నాను.

బొల్లారంలో దిగి రెండు మైళ్లు వెనక్కి నడిచాం. దారి పొడుగునా ఆమే మాట్లాడింది. నాకు ఒక్క ఆవులింత రాలేదు.

మర్నాడు మామగారు వస్తే అన్నం పెట్టి, చాప పరిచిందట.

"నువ్వు పండుకో నాయినా. నేను కాచిగూడకు పోయి సాయంత్రం బండికి మామతో రావల్ల" అందట.