ఖాళీ తొట్టెల

“తారాబాయి శత్రువులతో చేతులు కలిపింది. మిసైల్ ఫిల్ము ఆమె దగ్గరే ఉంది. నాలుగు గంటలకు జీపులో చిరాగ్‌పల్లి చెక్‌పోస్టుకు వస్తుంది. కాల్చెయ్!”

ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు ఆగిపోయింది. 1979 ఎండాకాలం. ఎరువుల ఏజెంటు వేషంలో ఉన్న అమర్నాథ్, చెక్‌పోస్టు ఎదుట నారమ్మ రొట్టెల గుడిసెలో సంచుల వెనక కూర్చున్నాడు. సంచిలో రైఫిల్ ఉంది. చేతిలో పోస్టుకార్డంత రంగుల బొమ్మ ఉంది. తారాబాయి స్వయంగా గీసి డిపార్ట్‌మెంటుకు పంపిన ఆఖరి సందేశం అదే.

బొమ్మలో ఒక గది. కిటికీలోంచి ఎండ. వీపు తిప్పి కూర్చున్న ఒక ఇల్లాలు తొట్టెల ఊపుతోంది. తొట్టెల ఖాళీ. గోడకు మగవాడి చొక్కా.

“వీపు తిప్పిందంటే మనకు ద్రోహం చేసినట్టే. ఖాళీ తొట్టెల అంటే ఫిల్ము ఎత్తుకుపోయినట్టే” అని ఢిల్లీ ఎక్స్‌పర్ట్ తేల్చేశాడు. ఫ్యాను కింద కూర్చుని ఎంత తేలిగ్గా చెప్పాడో, మహానుభావుడు!

ఆ గది అమర్నాథ్‌కు తెలుసు. రెండేళ్ల కిందట జహీరాబాద్‌లో ఆ అద్దె ఇంట్లోనే అతనూ తారాబాయీ మూడు నెలలు మొగుడూ పెళ్లాల వేషం వేశారు. “చొక్కా ఇడిచి ఇయ్యుండ్రి, బొత్తం కుడత” అని రోజూ పోరేది. అతనికి తీరికే దొరకలేదు. ఆ చొక్కా అక్కడే వదిలి వచ్చేశాడు. ఆ తర్వాత అన్నీ లాడ్జి గదులే. తిన్నావా అని అడిగిన దిక్కు లేదు.

రొట్టె పెట్టబోయిన నారమ్మ బొమ్మ చూసి ఉలిక్కిపడింది.

“అయ్యో, గిదేంది సారూ! ఖాళీ తొట్టెల ఎవలన్న ఊపుతరా? బిడ్డకు కడుపునొప్పి లేస్తది!”

“బొమ్మ గీసినామెకు తెలియదేమో.”

“ఆమెది ఏ ఊరు?”

“ఈ పక్కనే, న్యాల్‌కల్.”

“మరి తెల్వకుంట ఎట్ల ఉంటది? బయట ఎవలో చూస్తున్నరు. బిడ్డ తొట్టెలనే ఉన్నడని వాళ్లను నమ్మిస్తున్నది. అసలు బిడ్డను ఇంట్లనే యాడనో దాచింది!”

బిడ్డ అంటే ఫిల్మే! అమర్నాథ్ బొమ్మను మళ్లీ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

నాలుగయింది. జీపు ఆగింది. రైఫిల్ టెలిస్కోప్‌లో తారాబాయి కనిపించింది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదవులు. పక్కనున్న విదేశీయుడి ఒళ్లో ఫిల్ము డబ్బా. నారమ్మ మాట తప్పయితే దేశం రహస్యం పోతుంది. ఒప్పయితే, ట్రిగ్గర్ నొక్కితే తారాబాయి పోతుంది.

“షూట్!” అరిచాడు చీఫ్.

“కాల్చను సార్. ఆ డబ్బా ఖాళీ. ఆమె మోసం చేస్తున్నది వాళ్లను, మనల్ని కాదు. జీపును వెంబడించండి.”

గేటు లేచింది.

పొద్దుగూకేలోపు బీదర్‌లో ముఠా మొత్తం పట్టుబడింది. అసలు ఫిల్ము జహీరాబాద్ ఇంట్లో, మేకుకు వేలాడుతున్న చొక్కా జేబులో దొరికింది. తారాబాయిని మర్నాడే నాగ్‌పూర్ పంపేశారు, ఇంకో పేరుతో, ఇంకో మొగుడితో. ఒక్క మాట మాట్లాడుకునే వీల్లేకపోయింది. ఆ ఖాళీ గదిలో నిలబడితే అమర్నాథ్‌కు ఏడుపొచ్చింది.

“ఇంట్లో ఇంకేం దొరికింది?” వైర్‌లెస్‌లో అడిగాడు చీఫ్.

“ఒక పాత చొక్కా సార్.”

“దాన్నీ ఢిల్లీ పంపు. ఎక్స్‌పర్ట్ చూస్తాడు. అందులోనూ ఏదో సందేశం ఉండొచ్చు.”

చొక్కాకు కొత్తగా కుట్టి ఉన్న బొత్తాన్ని అమర్నాథ్ వేలితో తడిమాడు.

“ఉంది సార్. నేను చదివేశాను.”