పడవను పట్టుకున్నదెవరు?

“మేడమ్, నన్నెవరో చంపాలని చూస్తాండారు.”

ప్రొద్దుటూరులో ప్రైవేటు డిటెక్టివ్ మహమూదా ఎదుట కూర్చుని అంది ప్రసూన. కుడిచేతికి పిండికట్టు. ఆమెది పులివెందుల. తెరచాప పడవకు కరెంటు మోటారు బిగింపించి, గండికోట జలాశయంలో దాని పనితీరు పరీక్షిస్తోంది.

“షెడ్డులో మోటారు బాగా తిరుగుతాది. నీళ్లలోకి పోతే బ్యాటరీ బిరీన అయిపోతాంది. మొన్న నడిమధ్యలో ఆగిపాయ. తెరచాప ఎత్తినా. గాలి శానా ఉన్నా పడవ మాట వినలే. పోయి బండలకు కొట్టుకుండె.”

“మోటారు బిగించిందెవరు?”

“మెకానిక్కు సుధీర్. వాని మీదే నా అనుమానం.”

అసిస్టెంటు ఐశ్వర్యకూ అదే తోచింది. మహమూదా మాత్రం, “తెరచాపతోనూ పోలేదా?” అని మళ్లీ అడిగింది. ఆమె ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగిందంటే ఏదో దొరికినట్టేనని ఐశ్వర్యకు తెలుసు.

మరునాడు సుధీర్‌నూ వెంటబెట్టుకుని జమ్మలమడుగు దాటి జలాశయం చేరారు. కనుచూపు మేర నీళ్లే. ఒడ్డున ఒకే ఒక షెడ్డు, బదరీనారాయణది. కొండాపురం వైపు ఆయన ఊరు ఈ నీళ్ల కిందే ఉంది. ఊరివాళ్లు తలా ఒక పునరావాస కాలనీకి పోయారు. భార్య చనిపోయాక ఆయన ఇక్కడే ఒంటరిగా ఉంటున్నాడు. ప్రసూనకు షెడ్డు ఇచ్చి, వండిపెట్టేది ఆయనే.

“అడుగున పాకుడు రాళ్లు పాపా, మీరెవురూ దిగొద్దండి,” అంటూ ఆయనొక్కడే నడుములోతు నీళ్లలో దిగి పడవను తోశాడు.

మహమూదా, ప్రసూన, సుధీర్ పడవలో వెళ్లారు. ఒడ్డున మిగిలిన ఐశ్వర్యను ఆయన అడిగాడు, “మధ్యాన్నం తిని పోతారా పాపా? జొన్నరొట్టె చేస్తా.”

దూరాన మహమూదా మోటారును నీళ్ల పైకి ఎత్తించి తెరచాప వేయించడం ఐశ్వర్య చూసింది. గాలికి తెరచాప నిండుగా ఉబ్బింది. పడవ మాత్రం ఈడ్చుకుంటూ కదిలింది.

తిరిగి వస్తున్న పడవకు ఎదురుగా బదరీనారాయణ నీళ్లలోకి దిగబోయాడు.

“ఆగండి పెద్దాయనా,” అంది మహమూదా. పడవను నీళ్లలోనే ఆపించి, అందరినీ ఒడ్డున నిలబెట్టింది.

“తప్పు మోటారుదైతే తెరచాపకు పడవ పరుగెత్తాల. పరుగెత్తలే. అంటే అడుగున పడవను ఏదో పట్టుకొని ఉంది. దాన్ని లాగలేక మోటారు బ్యాటరీని తాగేస్తాంది. ఒడ్డుకొచ్చి చూస్తే ఏమీ కనపడదు. ఎందుకంటే అందరికంటే ముందు నీళ్లలో దిగి కట్టేదీ, విప్పేదీ ఒకరే.”

ఆమె తానే నీళ్లలో దిగి, పడవ కిందికి చేయి చాచి తాడు లాగింది. నోరు తెరిచిన గోనెసంచి నీళ్లు కక్కుతూ బయటికొచ్చింది.

సుధీర్ నిట్టూర్చాడు. ప్రసూన అతని ముఖం చూడలేకపోయింది.

“పరీక్ష అయిపోతే నువ్వు పోతావు గదా పాపా,” అన్నాడు బదరీనారాయణ మెల్లగా. “ఇంగ ఈడ నాతో మాట్లాడేదెవురు? నీకు దెబ్బ తగులుతాదని అనుకోలే.”

“చెయ్యి ఇరిగినాక గూడా కట్టినావు గదా మామా,” అంది ప్రసూన. “మునిగిపోయింటే నేను గూడా ఈడనే ఉండిపోదును.”

ఆయన వంగి గోనెసంచిని ఒడ్డుకు లాక్కున్నాడు.

సంచి తీసేశాక పడవ నీళ్లను చీల్చుకుంటూ పోయింది. ఆ పూటే పరీక్ష ముగిసింది, పడవ లారీ ఎక్కింది. మళ్లీ వస్తానని ప్రసూన అనలేదు, ఆయనా అడగలేదు.

కారు కదిలాక ఐశ్వర్య వెనక్కి చూసింది. బదరీనారాయణ షెడ్డులోకి పోకుండా నీళ్లవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.