తెల్ల పళ్ళెం

ఆ ఉదయం వలలో చేపల కంటే జిగటే ఎక్కువ వచ్చింది. ఒలవి పడవలోనే కూర్చుని వల కన్ను కన్నూ తోముకుని, దొరికిన గుప్పెడు చేపలు బకెట్లో వేసుకుని ఇంటికొచ్చాడు. ఒకప్పుడు ఈ సరస్సులో ఒక్క వలకి రెండు బకెట్లు నిండేవి.

వంటింట్లో అక్క హెల్మి రొట్టె కోస్తోంది. బావ తౌనో హెల్సింకీ నుంచి ముందురోజు సాయంత్రమే వచ్చాడు. ఇప్పుడు కారులోంచి రెండు నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చి బల్ల కింద పెడుతున్నాడు.

"ఇంటి ముందు సరస్సు పెట్టుకుని పట్నం నీళ్ళేంటండీ?" అంది హెల్మి.

"కడుపు సున్నితమైపోయిందే. వయసు."

"కడుపు సున్నితమైంది గానీ చర్మం మందమైంది."

ఒలవి నవ్వలేదు. రొట్టె మీద వెన్న రాసుకున్నాడు.

తౌనో ఒకప్పుడు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. నీళ్ళే ఆయన చదువు. ఇరవై ఏళ్ళపాటు, మంచు కరిగింది మొదలు మళ్ళీ గడ్డకట్టేదాకా, ప్రతి మంగళవారం ఒలవి తెడ్డు వేసేవాడు, బావ తాడుకి కట్టిన తెల్ల పళ్ళెం నీళ్ళలోకి దింపేవాడు. తాడుకి అర మీటరుకో ముడి. పళ్ళెం కంటికి ఆనకుండా పోయేదాకా ముడులు లెక్కపెట్టడమే పని; ఎన్ని ముడులైతే నీళ్ళు అంత తేటగా ఉన్నట్టు. అప్పట్లో పదకొండో ముడి దాకా కనబడేది.

"కంటికి కనబడిందే రాయాలి ఒలవీ. మనకి కావాల్సింది రాస్తే అది చదువు కాదు," అనేవాడు బావ. పెద్దగా బడికెళ్ళని ఒలవికి చదువంటే ఆ ఒక్క మాటే.

తర్వాత పార్టీ వాళ్ళొచ్చారు. మేం కుడీ కాదు, ఎడమా కాదు, నడిమివాళ్ళం, మీలాంటి పెద్దమనుషులు కావాలన్నారు. వెళ్ళాడు. పన్నెండేళ్ళుగా పార్లమెంటులో ఉన్నాడు. ఏ తగువొచ్చినా సగం వీళ్ళకి, సగం వాళ్ళకి పంచేస్తాడని పేరు. సరస్సు ఎగువనున్న చిత్తడినేలలో సగం, పొయ్యిల్లో మండించే నల్లమట్టి కోసం తవ్వుకోమని కంపెనీకి ఇప్పించింది ఆయనే. తవ్విన చోటి నుంచి మడ్డినీళ్ళు సరస్సులోకి దిగుతూనే ఉన్నాయి. ఇప్పుడు కంపెనీ మిగతా సగం అడుగుతోంది. ఆ మధ్యాహ్నమే ఊరి సభ. తౌనో ఉన్న పార్లమెంటు కమిటీ ఆయనేం చెబితే అదే రాసుకుంటుంది.

"సభలో నా పక్కన కూర్చో ఒలవీ. జాలరి పక్కనుంటే జనం నమ్ముతారు."

"కూర్చుంటా. ముందు పడవెక్కు బావా."

సరస్సు నడుమకి వెళ్ళాక ఒలవి కూర్చునే చెక్క కింది నుంచి పాత తాడు, తెల్ల పళ్ళెం తీసి ఇచ్చాడు. తౌనో కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దింపాడు. మూడో ముడి దగ్గరే పళ్ళెం మాయమైంది.

"ఎన్ని?" అన్నాడు ఒలవి.

"మూడు." తౌనో తాడు పైకి లాగి ముడులు మళ్ళీ తడిమాడు. "మూడేనా?"

"నన్నడుగుతావేం? చూసింది నువ్వు."

తౌనో తడి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈ మాట సభలో చెప్తావా బావా?"

"చెప్తా."

తిరిగొస్తుంటే ఒలవికి తెడ్లు తేలిగ్గా అనిపించాయి.

సభలో ఓ పక్క కంపెనీ కూలీలు, ఓ పక్క జాలర్లు కూర్చున్నారు. తౌనో లేచాడు. "పాత కొలత పదకొండు ముడులు. ఈ మధ్య తగ్గిన మాట నిజమే. మొత్తమ్మీద సగటున ఏడు అనుకోవచ్చు. కాబట్టి మిగిలిన సగంలో సగం తవ్వుకోనిద్దాం."

జాలర్లెవరూ తౌనో వైపు చూడలేదు. ఆయన పక్కన కూర్చున్న ఒలవిని చూశారు.

ఇంటికి రాగానే హెల్మి రెండు నీళ్ళ డబ్బాలూ గుమ్మంలో వంచేసింది. సరస్సు నీళ్ళు తెచ్చి కాఫీ పెట్టి మొగుడి ముందు కప్పు పెట్టింది.

"మూడని చెప్తే నన్ను కమిటీలోంచి తీసేస్తారు," అన్నాడు తౌనో. "నా చోట వచ్చేవాడు మొత్తం రాసిచ్చేస్తాడు. నేనుండబట్టే ఈ మాత్రం మిగిలింది."

"మీరేమో రెండు పడవల మీద కాళ్ళు పెట్టారు. మునిగింది మాత్రం మా తమ్ముడి పడవ," అంది హెల్మి.

ఒలవి నెమ్మదిగా అడిగాడు. "నువ్వు మిగిల్చిన సగం సరస్సు ఎటుంది బావా? రేపు అటే వల వేస్తా."

తౌనో కప్పెత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. మొహం చిట్లించాడు. మళ్ళీ పోయమని కప్పు ముందుకి తోశాడు. హెల్మి పోయలేదు.

"నువ్వెళ్ళిపోయాక కూడా నేను మంగళవారాలు మానలేదు," అన్నాడు ఒలవి. "పన్నెండేళ్ళ కొలతలూ, ముడికో బొగ్గు గీత చొప్పున, పడవల కొట్టం గోడ మీదున్నాయి. వెళ్ళి చూసుకో."

తౌనో వెళ్ళాడు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు. వేళ్ళకి బొగ్గు, కళ్ళు ఎర్రగా. ఒలవి భుజమ్మీద చెయ్యి వేశాడు. ఒలవి ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. మర్నాడు కారు హెల్సింకీ వెళ్ళిపోయింది.

మంగళవారం ఒలవి కొట్టం తలుపు తీశాడు. తన బొగ్గు గీతల చివర సభ జరిగిన రోజు తేదీ వేసి ఉంది. పక్కన 'మూడు'. దాని కింద బావ సంతకం, పాత నోటుపుస్తకాల్లో పెట్టినట్టే, పూర్తి పేరుతో. సభలో నోరు దాటని మాట ఇక్కడ చెక్క మీద ఉంది. ఒలవికి కళ్ళు మసకలయ్యాయి. చేపల వాసనేసే చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

వెనక నుంచి హెల్మి చూసింది. "తడిగుడ్డ తేనా? తుడిచేద్దాం."

"వద్దక్కా. ఉండనీ. మా బావ నిజం చెప్పాడని నాకైనా ఓ గుర్తుండాలి."

పడవ నీళ్ళలోకి తోశాడు. నడుమకి వెళ్ళి ఒక్కడే పళ్ళెం దింపాడు. ఈసారి మూడో ముడి దాకా కూడా పోలేదు.

తిరిగొచ్చి, బావ సంతకం కింద, రెండు గీతలూ ఓ అర గీతా గీశాడు.